కొలతల దారం

నవంబరు 4

ఒరేయ్ డ్రమ్ము,

బతికే ఉన్నావా? ఇప్పటికి రెండు ఉత్తరాలు రాశాను, ఉలుకూ లేదు పలుకూ లేదు. ఫోను చేస్తే "ఊఁ, బానే ఉన్నా, ఉంటా మరి" అని మూడు ముక్కలు చెప్పి పెట్టేస్తావు. అందుకే నీతో ఉత్తరాలే నయం. కాగితం మీద "ఊఁ" అని రాయడానికి నీకే సిగ్గేస్తుంది.

ఏడాది చివరి సెలవులు దగ్గర పడుతున్నాయి. అమ్మ పెట్టిన రూలు గుర్తుందిగా? సెలవులకి ఒకరికొకరం ఇచ్చుకునేది మన చేత్తో చేసిందే అయ్యుండాలి. కొట్లో కొన్నది గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ఏడేళ్ళప్పుడు నువ్వు అగ్గిపెట్టెలు అంటించి చేసిన సొరుగుల పెట్టె ఇప్పటికీ నా మిషను పక్కనే ఉంది. అందులో బొత్తాలు పోస్తున్నాను. ఒక సొరుగు లాగితే మూడు ఊడొస్తాయి, అది వేరే సంగతి.

ఈసారీ నీకు కోటే కుడతాను. పోయినేడు కోటు కుట్టి తొడిగితే ఏమైందో నేను మర్చిపోలేదు. నువ్వు ఊపిరి పీల్చావో లేదో, మధ్య బొత్తాం తెగి గోడకి కొట్టుకుంది! పక్కకొట్లో ఇస్త్రీ ఆయన ఇప్పటికీ ఆ కథ వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నాడు. అప్పటికప్పుడు రెండు పక్కలా విప్పి, అదే గుడ్డ దొరక్క కాస్త ముదురు రంగు పట్టీలు వేసి వదులు చేశాను. మిషను తొక్కుతూ నవ్వలేక చచ్చాను. అందుకని ఈసారి జ్ఞాపకం మీద గుడ్డ కొయ్యను. అమ్మ చేసినట్టు దారం పంపు. మర్చిపోయావేమో, చెప్తాను విను. ఒక కొస నుంచి మొదలుపెట్టి మెడ ఎంత ఉందో అక్కడ ఒక ముడి. చెయ్యి ఎంత పొడుగో అక్కడ రెండు ముడులు. నడుముకి మూడు, ఛాతీకి నాలుగు. అమ్మకి అంకెలు రాకపోయినా ఆవిడ కుట్టిన బట్ట ఒక్కటీ తిరిగి రాలేదు.

కొట్లో పని ఉంది, మనుషులే లేరు. వస్తారు, జిప్పు వేయించుకుంటారు, పోతారు. సాయంత్రం షట్టరు దించాక మాట్లాడ్డానికి మిగిలేది బట్టలు తొడిగి కొలత చూసుకునే కుట్టుబొమ్మ ఒక్కటే. దానికి తలకాయ లేదు కనక ఎదురు చెప్పదు. నువ్వు సెలవులకి ముందే వస్తే మేమిద్దరం సంతోషిస్తాం.

ఉంటాను. స్వెట్టరు వేసుకుని తిరుగు.
అక్క


నవంబరు 13

అక్కా,

ఉత్తరాలు అందాయి. జవాబు రాయకపోవడం నా తప్పే.

ఈసారి రావడం కుదరదు. వర్క్‌షాపులో పని ఎక్కువగా ఉంది. సెలవుల ముందు ప్రతి కొట్టువాడికీ తన కాటా తప్పు తూస్తోందని అనుమానం వస్తుంది. అన్నీ ఒక్కసారే మా బల్ల మీదకి వస్తాయి. నిన్న ఒకాయన తన కాటా దొంగదని గొడవపడ్డాడు. విప్పి చూస్తే పళ్ళెం కింద చచ్చిన బొద్దింక.

దారం ఇందులో పెట్టాను. దాన్ని చూసి ఏమీ అడక్కు. ఆ కొలతకే కుట్టు. వదులు అస్సలు ఉంచొద్దు.

నీకు నేను చెయ్యాల్సింది మొదలుపెట్టాను. ఈసారి చెక్కతో కాదు.

నీ తమ్ముడు


నవంబరు 19

ఒరేయ్ దొంగవెధవా!

దారం చూడగానే నాకు అర్థమైపోయింది. ఏమీ అడక్కూడదట! ముప్పై ఏళ్ళ నుంచి మనుషుల్ని కొలుస్తున్నదాన్ని, ఇది నీ ఛాతీ అని నేను నమ్ముతాననుకున్నావా? టేపు పెట్టి చూశాను. ముప్పై అయిదు. నీది నలభై రెండు, అదీ ఊపిరి బిగబడితే. నడుము చూస్తే నీ తొడంత కూడా లేదు. ఎవర్రా ఆమె?

ఇస్త్రీ ఆయనకి చూపించాను. "అమ్మా, ఇది ఆడమనిషి కొలతే, అందులో డౌటే లేదు" అన్నాడు. చేతులు మాత్రం బాగా పొడుగు, ఇంచుమించు నీ అంత. పొడగరి అన్నమాట. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పక్కన నువ్వు నిలబడితే చూడముచ్చటగా ఉంటుంది, నవ్వొస్తుంది కూడా.

నిజం చెప్పనా? ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇరవై ఏళ్ళు నీ వెంటపడి, సంబంధాలు చూసి చూసి విసిగిపోయాను. యాభై దాటాక ఇంక అడగడం మానేశాను. నేను పోతే వీడి సంగతేంటి అనే దిగులు ఒక్కటే మిగిలింది. నువ్వేమో మూగవాడిలా ఒక దారం పంపించావు. కనీసం అక్కకి ముందుగా చెప్పాలనిపించింది, అంతే చాలు. నన్ను "వదినా" అని పిలిచే మనిషి ఒకతి ఉండబోతోందంటే ఎంత బావుందో తెలుసా?

కుట్టుబొమ్మకి చుట్టిన దూదీ గుడ్డలూ విప్పేసి, దారం ప్రకారం సన్నగా చేసి పెట్టాను. ఇప్పుడది నా మరదలు. పొద్దున షట్టరు ఎత్తగానే పలకరిస్తున్నాను. మధ్యాహ్నం దాని ఎదురుగా స్టూలు వేసుకుని అన్నం తింటున్నాను. పిచ్చిదనుకుంటారేమో, అనుకోనీ.

కోటుకి కాజాలు కుడిపక్క పెడుతున్నాను, ఆడవాళ్ళ పద్ధతిలో. కాలరు మీద ఒక చిన్న పువ్వు కుట్టనా? ఏ రంగంటే ఇష్టమో కనుక్కుని రాయి. ఏం పని చేస్తుంది? నీకు వండి పెడుతుందా, లేక నువ్వే వండుతున్నావా? పేరు కూడా చెప్పవా?

తొందరగా రాయి. ఈసారి నీళ్ళు నమిలావంటే ఊరుకోను.
మీ ఇద్దరి అక్క


నవంబరు 25 (పోస్టు చెయ్యలేదు)

అక్కా,

ఆ దారం నాదే.

మే నెలలో కడుపులో నొప్పి వచ్చింది. జూన్‌లో ఆపరేషన్ చేసి కణితి తీసేశారు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఫారంలో దగ్గరి బంధువు అనే చోట నీ పేరు రాశాను, తర్వాత కొట్టేశాను. నర్సు "రాస్తే రాయండి, లేకపోతే లేదు, కొట్టివేతలు వద్దు" అని కొత్త ఫారం ఇచ్చింది. అందులో ఖాళీగా వదిలేశాను.

బావ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నువ్వు ఆ బెంచీ మీద ఎలా కూర్చున్నావో చూశాను. నలభై రోజులు. కాళ్ళు వాచిపోయాయి. నిన్ను మళ్ళీ అలాంటి బెంచీ మీద కూర్చోబెట్టలేకపోయాను.

ఒళ్ళు తగ్గింది, మళ్ళీ రావడం లేదు. నాలుగు ముద్దలు తింటే చాలు. నువ్వు నన్ను డ్రమ్ము అని రాస్తుంటే ఆ ఉత్తరం ఇంకెవరికో వచ్చినట్టుంది. ఈ ఆకారంతో నీ ముందుకి రాలేక కుదరదని రాశాను. వర్క్‌షాపులో పనేం ఎక్కువ లేదు.

జనవరిలో మళ్ళీ పరీక్ష చేస్తామన్నారు. ఏమంటారో తెలియదు. భయంగా ఉంది అక్కా.

దారం చూస్తే నీకే తెలుస్తుందనుకున్నాను. నోటితో చెప్పే బాధ తప్పుతుందనుకున్నాను. నువ్వేమో మరదలనుకున్నావు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వింత సంతోషంగా రాసి ఎన్నేళ్ళయింది?


నవంబరు 26

అక్కా,

అడిగావు కనక చెప్తున్నాను.

మా వర్క్‌షాపులోనే పని. మాటలు తక్కువ. మొండి మనిషి. కిటికీ పక్క బల్ల, చిన్న కాటాలు చూస్తుంది. చేతిపని శుభ్రంగా ఉంటుంది. పని చేస్తూ తనలో తను మాట్లాడుకుంటుంది, ఎవరైనా చూస్తే ఆపేస్తుంది. వంట వచ్చు గానీ ఒక్కరికే ఏం వండుతాంలే అని ఎక్కువగా బన్నూ టీతో కానిస్తుంది.

వేసవిలో ఒంట్లో బాలేదు. ఆపరేషన్ అయింది. అప్పట్నుంచి ఇలా చిక్కిపోయింది. జనవరిలో డాక్టరు మళ్ళీ పరీక్ష చేస్తాడట. ఆసుపత్రిలో పక్కన ఎవరూ లేరు. ఇంటికి వచ్చేటప్పుడు కూడా రిక్షా మాట్లాడుకుని తనే వచ్చింది.

పువ్వు కుట్టు. రంగు నీ ఇష్టం.

తమ్ముడు


డిసెంబరు 2

నీకసలు బుద్ధి ఉందా?

ఆపరేషన్ అయి, పదిమంది ఉన్న వార్డులో ఆ మనిషి ఒక్కతే పడుకుని ఉంటే నువ్వు ఏం చేస్తున్నావు? కాటాలు తూస్తున్నావా? ఒకే చోట పనిచేస్తూ, రోజూ మొహం చూస్తూ, కనీసం రిక్షాలో పక్కన కూర్చుని ఇంటిదాకా దింపలేకపోయావా? చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. అమ్మ నిన్ను ఇలాగే పెంచిందా?

అయినా నిన్ను అని ఏం లాభం? ఆమెకి నా అన్నవాళ్ళు ఒక్కరూ లేరా? అక్కో, చెల్లెలో ఉండే ఉంటుంది. ఉండి కూడా రాకపోతే ఆమెనీ కడిగిపారేయాలి. తోడబుట్టింది ఒళ్ళు కోయించుకుని ఒంటరిగా ఇంటికి వస్తుంటే ఆ మహాతల్లి ఎక్కడ కూర్చుంది? ఎవరి జిప్పులు వేస్తూ కూర్చుంది? చూశావా, కోపంలో నా పని ఆమెకి అంటగట్టేశాను. నా కంటబడితే మాత్రం వదలను. తెలియదంటే కుదరదు. అడగాలి. మనిషి మాట తీరు మారితే తోడబుట్టినవాళ్ళకి తెలియదూ?

సరే. చెయ్యాల్సింది చూడు. బన్నూ టీ మీద బతికితే ఏ ఒళ్ళూ రాదు. పొద్దున పెసరపప్పు మెత్తగా ఉడకబెట్టి పలచగా తాగించు. అన్నం కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టు. తిననంటే మొహమాటపడకు, పక్కన కూర్చో. ఒక్కరే ఉన్నప్పుడు ముద్ద దిగదురా. నాకు తెలుసు. మీ బావ చనిపోయిన ఏడాది నేను కూర వండటమే మానేశాను, నీకు చెప్పలేదంతే.

కోటుకి లోపల మెత్తటి లైనింగు వేస్తున్నాను, కుట్లు ఉన్నచోట ఒరుసుకోకుండా. ఆపరేషన్ ఎక్కడ చేశారో రాయి. పై నుంచా, కింద నుంచా, ఎంత పొడుగు? సిగ్గుపడకు, కుట్టేదానికి అన్నీ చెప్పాలి.

కోపం తగ్గలేదు. అయినా అక్కనే.


డిసెంబరు 9

అక్కా,

బొడ్డు పైనుంచి కిందకి, జానెడు. బెల్టు దగ్గర ఒరుసుకుంటుంది.

ఆవిడకి ఒక అక్క ఉంది. ఆమెని ఏమీ అనకు. ఆమె తప్పేం లేదు, ఈవిడే చెప్పలేదు. ఆ అక్క ఇదివరకే ఒకసారి చాలా రోజులు ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్న మనిషి. మళ్ళీ కూర్చోబెట్టడం ఇష్టం లేక దాచింది. తెలిస్తే కొట్టు మూసేసి పరిగెత్తుకొస్తుంది, అలాంటిది ఆమె. రాకూడదని కాదు. వస్తే మళ్ళీ వెళ్ళిపోతుందిగా, అప్పుడెలా అని కూడా భయమేమో. నాకు అంత వివరంగా తెలియదు.

పప్పు ఉడకబెట్టాను. బాగానే దిగింది.

నీ బహుమతి విడిగా పార్సిల్లో పంపాను. గుండ్రటి చిన్న దిండు, సూదులూ పిన్నులూ గుచ్చుకోవడానికి. లోపల కాటా పెట్టెల్లో వచ్చే రంపపు పొట్టు పోశాను, సూది తుప్పు పట్టదట. నువ్వు పిన్నులు నోట్లో పెట్టుకుని మాట్లాడుతుంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం. కుట్టు వంకర్లు పోయింది, నవ్వుకో. సెలవులు మొదలయ్యేదాకా విప్పొద్దు.

తమ్ముడు


డిసెంబరు 15

తమ్ముడూ,

పార్సిల్ వచ్చింది. సెలవుల దాకా విప్పొద్దన్నావు. నేనెప్పుడు ఆగాను కనక? పోస్టుమ్యాన్ మెట్లు దిగేలోపే తాడు కోసేశాను.

ముందు బాగా నవ్వుకున్నాను. ఆ కుట్టు చూస్తే కోడి నడిచినట్టుంది. తర్వాత గుడ్డ చూశాను. ఒకటి గోధుమరంగు, అంచు చుట్టూ ముదురు గోధుమరంగు. ఆ ముదురు గుడ్డ ఎక్కడిదో నేను మర్చిపోతానా? పోయినేడు నేను మూడు కొట్లు తిరిగి తెచ్చిన ముక్క. నీ కోటుకి రెండు పక్కలా వేసిన పట్టీలు. దాని మీద నా సుద్దగీత కూడా ఇంకా పోలేదు.

కోపం వచ్చింది మొదట. నేను కుట్టిన కోటుని కోశాడే, అనుకున్నాను. ఆ తర్వాత కత్తెర కింద పెట్టి ఆలోచించాను. ఆ పట్టీలు తీసేస్తే ఆ కోటు వీడికి పట్టదు కదా. బొత్తాలు పెట్టుకోడానికే రాదు. మరి ఎలా తీశాడు?

చాలాసేపు ఆ దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇస్త్రీ ఆయన వచ్చి ఏదో అడిగాడు, ఏం అడిగాడో తెలియదు. నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. కిటికీ పక్క బల్ల నీదే. తనలో తను మాట్లాడుకునేది నువ్వే, బడిలో దానికే దెబ్బలు తిన్నావు. పొడుగు చేతులు నీవే. బెంచీ అని చదివినప్పుడైనా నా బుర్ర వెలగలేదే! ముప్పై ఏళ్ళ టైలరునట. చేతులు ఇంచుమించు నీ అంత పొడుగని నా చేత్తోనే రాసి, మళ్ళీ మరదలని మురిసిపోయాను.

లేచి కుట్టుబొమ్మ దగ్గరికి వెళ్ళాను. నెల రోజులుగా పలకరిస్తున్నాను, ఎదురుగా అన్నం తింటున్నాను, ఒక్కసారీ దగ్గరికి తీసుకోలేదు. రెండు చేతులా చుట్టి పట్టుకున్నాను. నా చేతులు వెనక్కి పోయి ఒకదాని మోచెయ్యి ఒకదానికి అందింది. నువ్వు వచ్చినప్పుడల్లా గుమ్మంలో నిన్ను పట్టుకుంటే నా వేళ్ళు కూడా కలిసేవి కావురా. అక్కడే నిలబడి ఏడ్చాను. షట్టరు తీసే ఉంది, ఎవరు చూశారో చూడలేదు.

ఆ అక్కని కడిగిపారేస్తానన్నాను కదా. కడిగేశాను. ఆమెకి చెప్పుకోడానికేం లేదు. ఫోనులో "ఊఁ" అంటే "ఊఁ" అనే అనుకుంది. నువ్వు ఆ రిక్షాలో కడుపు పట్టుకుని ఒక్కడివే వస్తున్నప్పుడు నేనిక్కడ ఎవరిదో పాంటు పొట్టి చేస్తున్నాను. అది నాకు జన్మలో పోదు. నా బెంచీ గురించి నువ్వెవడివిరా నిర్ణయించడానికి? మీ బావ దగ్గర కూర్చున్న ఆ నలభై రోజులూ నేను ఒంటరిగా లేను. ఆ తర్వాతే ఒంటరినయ్యాను. ఆ తేడా నీకు తెలియదు.

మరదలు కూడా పోయింది. దానికీ కాస్త ఏడ్చాను, దాచడం దేనికి. అసలు లేనే లేని మనిషి కోసం నెల రోజులు పువ్వు కుట్టాను.

కోటు విప్పి మళ్ళీ కుట్టే ఓపిక లేదు. కాజాలు కుడిపక్కే ఉన్నాయి, కాలరు మీద పసుపు పువ్వు ఉంది. అలాగే వేసుకుంటావు. ఎవరైనా నవ్వితే మా అక్క కుట్టిందని చెప్పు. పక్క కుట్టు లోపల మాత్రం రెండు వైపులా మూడేసి అంగుళాల గుడ్డ మడిచి వదిలాను. వదులు ఉంచొద్దన్నావు, నీ మాట వినను. నువ్వు ఒళ్ళు చేస్తుంటే నెలనెలా నేనే విప్పుతాను. జనవరిలో డాక్టరు ఏమన్నా సరే, ఆ గుడ్డ అక్కడే ఉంటుంది.

కోటు పోస్టులో రాదు. నేనే తెస్తున్నాను. చేతిలో ఉన్న బట్టలు ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాను, తాళంచెవి ఇస్త్రీ ఆయన దగ్గర పెట్టాను. చేతిమిషను సర్దాను, దిండు సంచీలో పెట్టుకున్నాను. ఎప్పుడు వెళ్ళిపోతావని మాత్రం అడక్కు. ఇరవయ్యో తారీకు మధ్యాహ్నం రైలు. స్టేషనుకి రావద్దు, చలి. గదిలోనే ఉండు, తలుపు తీసి పెట్టు.

కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడతో ఒక్క మాట చెప్పు. వాళ్ళక్క వస్తోందని.

అక్క